ముల్లు తీసిన ముద్ద

జనవరి 6, 2003, సోమవారం

ఆటోనగర్‌లో బేరింగులు అమ్మే షాపువాళ్ళు ఈ డైరీ ఇచ్చారు. ప్రతి పేజీ అడుగునా ఒక బేరింగు బొమ్మ, దాని నంబరు. ఇవాళ్టిది 6203. మా ఆయనకి ఆ నంబర్లన్నీ నోటికి వచ్చు, నా పుట్టినరోజు మాత్రం రాదు. నాకూ సరిగ్గా తెలియదనుకోండి. అమ్మని అడిగితే "తుఫానుకి ముందేడాది" అంటుంది, డెబ్భై ఏడు ఉప్పెన అన్నమాట, అంతే. ఇదేమిటి, నా డైరీలో నాకే నేను అండీ అంటున్నాను. మైకు ఉద్యోగం చేస్తే ఇంతే.

మా ఆయన పేరు నాగబాబు. మొగుడి పేరు రాస్తే ఆయుష్షు తగ్గుతుందంటుంది అమ్మ. రాశాను. లేతు మిషను ముందు రోజుకి పది గంటలు నిలబడే మనిషికి నా రాతవల్ల కొత్తగా వచ్చే ప్రమాదమేమీ లేదు.

సెలవు అయిపోయింది. ఇవాళ్టి నుంచి మళ్ళీ బస్టాండులో అనౌన్సుమెంటు గది. హేమకి పది నెలలు నిండాయి. దాన్ని చూసుకోవడానికి అమ్మ నాగాయలంక నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళు నెత్తిన మోసిన చేపల బుట్టని పక్కింటి వాళ్ళకి అప్పగించి వచ్చిందట. "బుట్ట లేకపోతే నెత్తి ఎగిరిపోతన్నట్టుంది" అంటోంది పొద్దుటి నుంచీ.

పళ్ళు తోముకుంటుంటే ఎర్రగా వచ్చింది. బ్రష్షు మరీ గట్టిది.

జనవరి 9

మళ్ళీ వచ్చింది. పేస్టు మార్చాను.

జనవరి 19, ఆదివారం

ఇవాళ ఈయన శీలావతి చేప తెచ్చాడు, కిలోన్నర. అమ్మ మొప్పలు ఎత్తి చూసి, "మొన్నటిది" అంది. అయినా పులుసు పెట్టింది. అమ్మ పెడితే మొన్నటి చేప కూడా ఇవాళ్టిదై కూర్చుంటుంది.

హేమకి అమ్మ అన్నం పెడుతుంటే చూస్తూ నిలబడిపోయాను. బస్సు టైమైపోతోందని కూడా మరిచాను. ముందు చేపముక్క తన నోట్లో పెట్టుకుంటుంది. దవడ అటోసారి, ఇటోసారి కదులుతుంది. కళ్ళు ఎక్కడో గోడమీద ఉంటాయి. చూపుతో పనిలేదు, అంతా నాలికే చూసుకుంటుంది. పెదాల మధ్య నుంచి ఒక ముల్లు బయటికొస్తుంది, రెండు వేళ్ళతో తీసి కంచం అంచున పెడుతుంది. మళ్ళీ ఇంకోటి. ముళ్ళన్నీ అయ్యాక మెత్తటి కండ చేతిలోకి తీసుకుని, అన్నంలో కలిపి, పిల్ల నోట్లో పెడుతుంది. శీలావతికి వెంట్రుకల్లాంటి ముళ్ళుంటాయి. వేళ్ళకి దొరకవు. మా వాళ్ళలో ఏ తల్లయినా ఇలాగే పెడుతుంది. వేళ్ళతో ఏరి పెట్టేవాళ్ళని చూస్తే అమ్మ "దానికి పిల్లంటే అసయ్యం కామోసు" అనేది.

నేనూ అలా తిన్నదాన్నే. ఎన్నేళ్ళు వచ్చేదాకా? చెప్పుకుంటే సిగ్గు. మూడో తరగతి దాకా. సాయంత్రం బుట్ట ఖాళీ చేసుకుని అమ్మ రేవు దగ్గర నుంచి నడిచొచ్చేది. నేను అరుగుమీద కూర్చుని ఏటి మీద ఎదురుమొండి లంకకి వెళ్ళే పడవలు లెక్కపెడుతుండేదాన్ని. మిగిలిన చేపలే మా కూర. నాన్న పక్కన కూర్చుని, "దాని పళ్ళు దానికి లేవా, ఇంకా నువ్వేంటే" అనేవాడు. అమ్మ నోట్లో ముక్క ఉండేది కాబట్టి జవాబు చెప్పేది కాదు, మోచేత్తో పొడిచేది. ఆ ముద్దలో చింతపండు పులుపు, కొంచెం అమ్మ నోటి పొగాకు వాసన, కొంచెం అమ్మ. ఇప్పుడు ఏ హోటల్లో ముల్లు లేని చేప పెట్టినా నాకు చప్పగానే ఉంటుంది.

నాన్న గంగరాజు పళ్ళు గట్టివి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జ్వరంతో పోయాడు, పోయే ముందు నెల కూడా చెరుకుగడ పళ్ళతో చీల్చాడు. అమ్మకి మాత్రం ముప్పై దాటకుండానే ముందు పళ్ళు కదిలి ఊడిపోయాయి. ఊడిన పన్ను ఊడినట్టు ఇంటికప్పు మీదకి విసిరేది, పాలపళ్ళు విసిరినట్టు. "మళ్ళీ వత్తాయేమో, ఎవరు చూశారు" అని నవ్వేది. ఇప్పుడు నోట్లో ఏడు పళ్ళున్నాయి. వాటితోనే పోకచెక్క కూడా నములుతుంది.

నాగాయలంకలో ఎవరు కనబడ్డా "అచ్చం వీరమ్మే" అంటారు నన్ను. నడక అమ్మది, గొంతు అమ్మది, కోపం మరీ అమ్మది. ముందు పళ్ళ మధ్య సందు కూడా ఈ మధ్య అమ్మకి పళ్ళు ఊడకముందు ఉన్నట్టే వచ్చింది. అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా. పిచ్చిదాన్ని.

ఫిబ్రవరి 3, సోమవారం

ఒప్పుకుంటాను. పన్ను కదులుతోంది.

పొద్దున మైకులో "పదో నంబరు ప్లాట్‌ఫారం" అంటుంటే "ఫ" దగ్గర పై పన్ను ముందుకు వంగింది. నాలికకి తెలిసింది. నా గొంతు బస్టాండంతా వినిపిస్తుంది, ఎవరికీ ఏమీ తెలియలేదు.  ఫ లేకుండా ప్లాట్‌ఫారం అనడం ఎలాగో మధ్యాహ్నం దాకా ప్రయత్నించాను. "పదో నంబరు వద్ద" అన్నాను. సూపర్వైజరు గారు అద్దంలోంచి కళ్ళెగరేశారు.

ఇరవయ్యారేళ్ళు. ఇరవయ్యేడు కూడా నిండలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

డెంటల్ కాలేజీకి వెళ్ళాను. డాక్టరమ్మ పేరు శాంభవి. పెద్ద చదువు చదువుతోంది, నాకంటే చిన్నదే అయ్యుంటుంది. మంచి పిల్ల, కానీ చిగుళ్ళలో సన్నటి కొలత పుల్ల దింపుతూ పక్కనున్న అమ్మాయికి నంబర్లు చెబుతుంటే ఈయన బేరింగులే గుర్తొచ్చాయి. "ఏడు. ఏడు. ఎనిమిది. రక్తం." మూడు మిల్లీమీటర్లు దాటకూడదట.

ఎక్స్‌రే చూపించింది. పళ్ళ కింద ఎముక ఉండాల్సిన చోట నల్లగా ఉంది. ఎముక తగ్గిపోవడం వల్లే పళ్ళు పక్కకి జరిగి సందు వచ్చిందట. నేను మురిసిపోయిన సందు.

"ఈ వయసులో ఇంతగా రావడం మామూలు కాదండీ. ఇంట్లో ఇంకెవరికన్నా చిన్నప్పుడే పళ్ళు ఊడాయా?" అని అడిగింది.

"మా అమ్మకండీ" అన్నాను. ఆ చెప్పడంలో నాకు గొప్పగా ఉందని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. నువ్వెవరి పిల్లవని అడిగితే చెప్పినట్టు చెప్పాను.

ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బట. దారులు రెండు. ఒకటి, రక్తంలో వచ్చేది. చిగుళ్ళు క్రిములని ఎదుర్కొనే తీరు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, దాన్ని జీన్స్ అంటారు. రెండోది, ఆ క్రిములే. అందరి నోళ్ళలోనూ కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి, చాలా వరకు మంచివే. కొన్ని మాత్రం చిగురు కిందికి దిగి ఎముకని తినేస్తాయి. అవి ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళతాయి. ఒకే చెంచా, ఒకే గ్లాసు, పిల్లలకి నమిలి పెట్టడం.

"నమిలి పెట్టడమా?" అన్నాను.

"చాలామంది పెడతారండీ. తెలియక. మీ ఇంట్లో కూడానా?"

లేదన్నాను. ఎందుకు అబద్ధం చెప్పానో నాకే తెలియదు.

ఆమె థీసిస్ ఇలాంటి కుటుంబాల మీదేనట. నావీ, అమ్మవీ నమూనాలు తీసుకుంటే దేనివల్ల వచ్చిందో తేలుతుంది, మందు కూడా దాన్నిబట్టి ఇవ్వొచ్చు అంది. చంటిపిల్ల ఉందని చెప్పాను. "అయితే మీ అమ్మగారిని తప్పకుండా తీసుకురండి" అంది, నవ్వకుండా.

ఫిబ్రవరి 12

అమ్మకి చెప్పాను. నెమ్మదిగానే చెప్పాననుకుంటాను. "పిల్లకి నోట్లోది పెట్టకమ్మా, వేళ్ళతో ఏరి పెట్టు."

అమ్మ హేమ మూతి కొంగుతో తుడిచింది. తరవాత, "నిన్నట్టాగే పెంచాను" అంది.

"అందుకే చెబుతున్నా" అన్నాను.

ఫిబ్రవరి 14

కాలేజీకి రమ్మంటే రానంటోంది. "రత్తం తీత్తారా?" అని అడిగింది. తీస్తారేమో, రక్తంలో ఏముందో కూడా చూస్తారు అన్నాను. ముఖం అదోలా అయిపోయింది. సూదంటే భయం అనుకున్నాను. గాలం కొక్కెం అరచేతిలో దిగితే తనే కోసి తీసుకున్న మనిషి.

ఫిబ్రవరి 17, సోమవారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు. రాస్తాను.

మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. వంటగదిలోంచి చూస్తే వసారాలో అమ్మ, ఒళ్ళో హేమ. అమ్మ దవడ కదులుతోంది. కంచం అంచున ముళ్ళు వరసగా ఉన్నాయి. నన్ను చూసి ముక్క మింగేయబోయింది, చిన్నపిల్ల దొంగతనం చేసి దొరికినట్టు.

ఒళ్ళు మండిపోయింది. "నీ వల్లే నా నోరు ఇలా అయింది. దాన్నన్నా బతకనియ్యి" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరూ అనలేదు.

అమ్మ పిల్లని కింద దించి, చెయ్యి కడుక్కుని, మూతి కడుక్కుని, సంచి సర్దుకుంది. ఆగమని నేను అనలేదు. ఆటో కూడా ఎక్కకుండా నాకంటే ముందు నడుచుకుంటూ బస్టాండుకి వచ్చింది. హేమని పక్కింటి ఛాయాదేవి గారి దగ్గర వదిలి నేను డ్యూటీ ఎక్కాను. రెండున్నరకి కాగితం చూసి చదివాను. "ప్రయాణికులకు గమనిక. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళు బస్సు పదో నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

రూలు ప్రకారం రెండుసార్లు చదవాలి. నేను నాలుగుసార్లు చదివాను. దిగుతుందేమోనని.

ఫిబ్రవరి 18

బేరింగు 6205.

ఫిబ్రవరి 26

హేమ చేప తినడం లేదు. నేను వేళ్ళతో ఏరి, నలిపి, దీపం కింద చూసి పెట్టినా నాలికతో బయటికి తోసేస్తోంది. ఛాయాదేవి గారు పప్పన్నం పెడితే తింటోంది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, పిల్లకి ముద్దలు ఒకటీ రెండూ అని లెక్కచెప్పి మరీ పెడుతుంది.

 రాత్రి అన్నం దగ్గర ఈయన, "మీ అమ్మ లేకపోతే ఇల్లు సైలెంటుగా ఉంది" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు లేదు ఆయన దగ్గర.

మార్చి 8

నాగాయలంకలో కొట్టుకి ఫోను చేశాను. అమ్మని పిలవమంటే పిలిచారు. తీరా వచ్చాక "బాగున్నావా" అన్నాను. "ఆఁ" అంది. "పిల్ల?" అంది. "ఆఁ" అన్నాను.  గొంతు ఒకటే మాది. కొట్టువాళ్ళకి ఎవరు మాట్లాడుతున్నారో తెలియనంత.

మార్చి 18, మంగళవారం

పదకొండు గంటలకి నాగాయలంక బస్సు వచ్చిందని చదువుతూ తలెత్తితే అద్దం అవతల అమ్మ. నూనె రాసిన జుట్టు, పండక్కి కట్టే చీర. వేలితో అద్దం మీద కొట్టి, "పద, ఆ డాక్టరు దగ్గరకి" అంది. సూపర్వైజరు గారి కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి బయటపడ్డాను.

శాంభవి గారు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి కాగితం తీసింది. పేరు, వయసు, ఎన్ని పళ్ళు. రాస్తూ రాస్తూ ఒక గడి దగ్గర టిక్కు పెట్టింది. అమ్మకి చదువు రాదు, కానీ ఆ టిక్కునే చూస్తోంది.

"అక్కడేం రాశావమ్మా?"

"మీరు పేషెంటు తల్లి అని రాశానండి. ఇది రక్తసంబంధం అన్న గడి."

"తల్లి అన్నది ఉంచు. ఆ రెండోది కొట్టెయ్."

శాంభవి గారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అమ్మ నావైపు చూడకుండా గోడమీద వేలాడదీసిన పళ్ళ బొమ్మని చూస్తూ చెప్పింది.

"దాన్ని నేను కనలేదమ్మా. తప్పు రాత్తే తప్పు మందు ఇత్తారు. నా బిడ్డకి తప్పు మందు పడకూడదు."

మార్చి 19

మార్చి 20

నిన్న పేజీ తెరిచి, తారీఖు రాసి, మూసేశాను. ఇవాళ రాస్తాను.

ఆ రోజు కాలేజీ మెట్ల మీద కూర్చుని అమ్మ చెప్పింది. చేపలు అమ్మేటప్పుడు చెప్పినట్టే, ఎత్తుపల్లాలు లేకుండా.

"తుఫానుకి నా కడుపున పుట్టినోడు పోయాడు. ఏడు నెలలోడు. మమ్మల్ని అవనిగడ్డ బడిలో పెట్టారు. అక్కడ నువ్వున్నావు. ఎవరి పిల్లవో ఎవురికీ తెలీదు. ఏడాది పిల్లవి. ఎవరి చెయ్యీ ముట్టేదానివి కాదు. పాలపొడి కలిపి పోత్తే ఊసేదానివి. నాకు పాలు ఎండిపోయాయి. మూడు రోజులు చూశాను. పులిహోర పొట్లాలు వచ్చాయి. ఒక ముద్ద నమిలి నీ నోట్లో పెట్టాను. మింగావు. ఇంకో ముద్దకి నోరు తెరిచావు." సంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఆ తరవాత నిన్ను ఎవురికిత్తాను?"

మా వాళ్ళ కోసం వెతకలేదా అని అడిగాను. మా వాళ్ళు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

"నెల రోజులు అందర్నీ అడిగాం. మీ నాన్న ఇంకో నెల చూద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఎవరన్నా వత్తారేమోనని భయమేసింది నాకు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పే పని పడలేదు" అంది. కొంగు సర్దుకుని, "రత్తం చూత్తే డాక్టరు చెప్పేసుద్దని పారిపోయాను. ఇంటికెళ్ళాక ఆలోచించాను. రోగానికి అబద్ధం చెప్తే రోగమే గెలుత్తది కదా."

నాకు చాలా కోపంగా ఉంది. అమ్మ మీద, పోయిన నాన్న మీద, "అచ్చం వీరమ్మే" అన్న ఊరందరి మీద. వాళ్ళందరికీ తెలుసు. తెలిసే అన్నారు. నా ఎదురుగా నిలబడి, బుగ్గ గిల్లి, అన్నారు.

మార్చి 23, ఆదివారం

అమ్మ ఇక్కడే ఉంది. నేనే ఉండమన్నాను. ఉండమని ఎందుకన్నానో, అన్నప్పటి నుంచీ మాట్లాడకుండా ఎందుకున్నానో.

జనవరి పేజీ తిరగేశాను. నడక అమ్మది, గొంతు అమ్మది, కోపం అమ్మది. ఒక్కొక్కటీ కొట్టేద్దామని పెన్ను తీశాను. సందు ఒక్కటే కొట్టేశాను. అది జబ్బు. మిగతావి కొట్టడానికి చెయ్యి రాలేదు. వాటిని చూస్తే అవేమీ రక్తంతో వచ్చే వాటిలా లేవు.

ఎవరో ఒకామె ఉంది. నన్ను కన్నది. ఆ రోజు నీళ్ళలో నన్ను ఏ కొమ్మకి ఆనించిందో, ఏ చూరుకి కట్టిందో. ఆమె కోసం ఏడవాలనుకుని కూర్చున్నాను. ముఖం తెలియని మనిషి కోసం ఏడుపు రాలేదు. దానికి ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 9

చిగుళ్ళు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టారు. ఒక్కోసారి నోరు నాలుగో వంతు. మత్తు ఇచ్చాక పెదవి నాది కానట్టుంటుంది. మూడు గంటలకి డ్యూటీ ఎక్కి "గుడివాడ" అంటే "గులివాల" అని వచ్చింది. ఒక పెద్దాయన గది దాకా వచ్చి, "అమ్మాయ్, గులివాల ఎక్కడ?" అని అడిగాడు. ఎన్నాళ్ళకో మొదటిసారి అన్నట్టు నవ్వాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడు పళ్ళూ కనబడకుండా. మాటలు కలిశాయి.

ఏప్రిల్ 21

అమ్మా నేనూ ఈయనా హేమా, నలుగురి నమూనాలూ హైదరాబాదు లాబ్‌కి వెళ్ళాయట. చిగురు సందులో సన్నటి కాగితపు పుల్ల పెట్టి తీస్తారు. అమ్మ, "ఇంతేనా, దీనికా నేను నెల రోజులు అన్నం మానేశాను" అంది. అన్నం మానేసిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మే 4, ఆదివారం

ఎండ. చేప దొరకలేదు. అమ్మ ఎండురొయ్యలు వేయించింది.

ఒకటి గుర్తొచ్చింది. మా బడిలో నేను రెండో తరగతి, మధ్యాహ్నం అన్నం గంట. అమ్మ బుట్టతో ఎండలో పడి బడి గోడ దగ్గరికి వచ్చేది. గోడ అవతల నుంచి ముద్ద, ఇవతల నేను. ముల్లు తీసిన ముద్ద. టీచరు గారు చూసి, "ఏమమ్మా వీరమ్మా, పిల్లకి చేతులు లేవా?" అన్నారు. అమ్మ, "చేతులున్నాయండి, ముళ్ళు తెలీవు" అంది. ఆ టీచరు గారికి కూడా తెలిసే ఉంటుంది, నేనెవరి పిల్లనో. అయినా గోడ దగ్గర నుంచి నన్ను ఒక్కరోజు కూడా వెనక్కి పిలవలేదు.

మే 27, మంగళవారం

ఫలితం వచ్చింది.

శాంభవి గారు ఒక ఫొటో చూపించింది. నిలువుగా మూడు పట్టీలు, వాటిలో అడ్డంగా నల్ల గీతలు. ఒకటి అమ్మది, ఒకటి నాది, ఒకటి ఈయనది. ఒకే పేరున్న బ్యాక్టీరియా ఎంతోమంది నోళ్ళలో ఉంటుందట, కానీ లోపలి గుర్తులు వేరువేరుగా ఉంటాయట. ఈయన పట్టీలో గీతలు ఎక్కడివక్కడ వేరుగా ఉన్నాయి. నాదీ అమ్మదీ గీతకి గీత కలిసింది.

"ఇది మీకు మీ అమ్మగారి నుంచే వచ్చి ఉంటుందండీ. ఇరవై ఏళ్ళ పైనే అయ్యుంటుంది. మొదటి పళ్ళు వచ్చే రోజుల్లో చేరితే అక్కడే కాపురం పెడతాయి" అంది.

అంటే పుట్టుకతో రాలేదా అన్నాను.

"అది సగమే. ఈ క్రిమి ఉన్న వాళ్ళందరికీ ఇలా అవదు. దీన్ని చూసి మీ చిగుళ్ళు ఇంతగా కూలిపోయాయంటే, ఆ బలహీనత జీన్స్‌లో వచ్చి ఉండొచ్చు. మిమ్మల్ని కన్నవాళ్ళ నుంచి. వాళ్ళు లేరు కాబట్టి ఖాయంగా చెప్పలేను."

ఇద్దరు అమ్మలు. ఇద్దరూ నా నోట్లోనే కలిశారు. ఒకామెని నేనెప్పుడూ చూడలేదు, ఆమె నాకు ఇచ్చిన వాటిలో నాకు తెలిసింది ఈ చిగుళ్ళే.

"ఈ రెంటిలో మందుకి పోయేది ఏదండీ?"

"బ్యాక్టీరియా పోతుందండీ, చాలావరకు. ఎనిమిది రోజులు మాత్రలు, తరవాత జాగ్రత్తగా చూసుకోవాలి. రెండోది మీతోనే ఉంటుంది."

పోయేది అమ్మది. ఉండేది ఎవరిదో.

దానికీ అమ్మ నమిలి పెట్టేదన్న నిజం ఒప్పుకుని, హేమ సంగతి అడిగాను. కొత్త పళ్ళ దగ్గర చూశారట, ఇంకా కనబడలేదు. "ఇప్పుడే ఆపారు కాబట్టి" అంది. ఆపింది నేనే. ఏ మాట అని ఆపానో ఆమెకి తెలియదు.

మే 28

మాత్రలు తెచ్చుకున్నాను. రెండు రకాలు. బీరువాలో పెట్టాను.

మే 30

రేపు మొదలుపెడతాను.

మే 31

ఈయన బీరువా తీసి చూసి, "ఇవి ఇంకా కట్ చెయ్యలేదేంటి?" అన్నాడు. డ్యూటీలో కళ్ళు తిరుగుతాయని చెప్పాను. అబద్ధం. ఆ పట్టీలో గీతలు కలిసిన ఫొటో ఒకటి శాంభవి గారిని అడిగి తెచ్చుకున్నాను, ఈ డైరీలోనే ఉంది. అమ్మకీ నాకూ ఉన్న సంబంధానికి కాగితం అదొక్కటే. దాన్ని నా చేత్తో నేను చంపుకోవాలి.

మొగుడికి ఇది చెబితే నవ్వుతాడు. పోనీ నవ్వడు, కానీ అర్థం కాదు. పురుగుల మీద బెంగేమిటి అంటాడు. నిజమే. పురుగుల మీద బెంగేమిటి.

జూన్ 1, ఆదివారం

మొదటి మాత్ర వేసుకున్నాను. పొద్దున్నే, కాఫీ కంటే ముందు. అమ్మే తెచ్చి చేతిలో పెట్టింది. నేను నిన్న చెప్పేశాను అమ్మకి, ఎందుకు వేసుకోవడం లేదో. పిచ్చిదానివని తిడుతుందనుకున్నాను. మంచం మీద నా పక్కన కూర్చుని, "నేను పెట్టిన దాంట్లో మంచిదంతా ఎప్పుడో ఒంట పట్టింది. మిగిలిన చెడ్డది పోనీ" అంది. తరవాత, "నీకంటే ముందు నేనూ ఏసుకుంటాలే, నాకూ రాసిచ్చిందిగా" అంది.

మధ్యాహ్నం శీలావతి. ఇవాళ్టిదే. మొప్పలు ఎర్రగా ఉన్నాయని అమ్మ ఒప్పుకుంది.

హేమకి అమ్మ వేళ్ళతోనే ఏరుతోంది. కంచం వెలుతురు వైపు తిప్పుకుని, ముక్కని రెండు వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ నలిపి. అమ్మకి చూపు తగ్గింది. నాలిక చేసే పని ఆ వేళ్ళకి చేతకావడం లేదు. గంటకి నాలుగు ముద్దలు అయ్యాయి. హేమ ఓపిగ్గా నోరు తెరుచుకుని కూర్చుంది. నేను పెడితే ఉమ్మేసిన పిల్ల.

పిల్ల తినడం అయ్యాక ఎదురుగా కూర్చున్నాను. "నాకో ముద్ద పెట్టమ్మా" అన్నాను.

"సిగ్గులేదా" అంది. కానీ ముక్క తీసింది. తీసి, అలవాటున నోటిదాకా తీసుకెళ్ళింది. పెదాల దగ్గర ఆగింది. నావైపు చూసింది.  అమ్మ చెయ్యి కిందికి దించి, ముక్కని కంచంలో పెట్టి, వేళ్ళతో ఏరడం మొదలుపెట్టింది. చాలాసేపు ఏరింది. అన్నంలో కలిపి, పులుసు అద్ది, నా నోట్లో పెట్టింది.

చింతపండు పులుపు ఉంది. పొగాకు వాసన లేదు. రెండోసారి నమిలేసరికి చిగుళ్ళలో ముల్లు గుచ్చుకుంది. పాతికేళ్ళలో అమ్మ చేతి ముద్దలో ముల్లు రావడం ఇదే మొదటిసారి.

చెప్పలేదు. గోడవైపు చూస్తూ నాలికతో వెతికాను. దొరికింది. హేమ మూతి తుడవడానికి అమ్మ అటు తిరిగినప్పుడు రెండు వేళ్ళతో తీసి కొంగులో దాచుకున్నాను.

"ముల్లేమన్నా తగిలిందా?" అంది అమ్మ, తిరిగి చూసి.

"లేదు" అన్నాను. ఇంకో ముద్దకి నోరు తెరిచాను.